గోరో బొమ్మ విలువ ఎత్తులో లేదు

సంపాదకులకు నమస్కారం.

వీడియో గేమ్ పాత్రల బొమ్మల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన సమీక్ష చదివాను. మోర్టల్ కాంబాట్ ఆటలోని ప్రతినాయకుడు గోరోను అడుగు ఎత్తున మలిచిన, కీళ్లు కదిలే పెద్ద యాక్షన్ ఫిగర్‌ను అందులో పరిచయం చేశారు. ఈ తరహా సేకరణ వస్తువులకు పత్రికల్లో చోటు దొరకడమే అరుదు కాబట్టి ముందుగా మీకు కృతజ్ఞతలు. అయితే సమీక్ష మొదటి నుంచి చివరి దాకా ఆ బొమ్మ ఎంత పెద్దదన్న మాటే తిరిగి తిరిగి వచ్చింది తప్ప, అది ఎలా నిలబడుతుంది, దాని కీళ్లు ఎంత బరువు మోస్తాయి, దాని పక్కన ఏ బొమ్మను నిలబెట్టవచ్చు, కొన్నేళ్లు గడిచాక దాని ప్లాస్టిక్ ఏ స్థితిలో ఉంటుంది అన్న ప్రశ్నల్లో ఒక్కటీ కనిపించలేదు. అదే బొమ్మ నా దగ్గరా ఉంది. దాన్ని నిదానంగా పరిశీలించినవాడిగా, ఇలాంటి భారీ బొమ్మల మంచిచెడ్డలు తేల్చడానికి ఎత్తు చాలదని, అసలు ఎత్తును లెక్కకట్టడానికే ఒక పద్ధతి ఉందని చెప్పదలచుకున్నాను.

గోరో విషయంలో పెద్దతనం అనేది పాత్రకు ప్రాణం. ఎడ్ బూన్, జాన్ టోబియాస్ రూపకల్పనలో మిడ్‌వే సంస్థ 1992లో విడుదల చేసిన తొలి మోర్టల్ కాంబాట్‌లో మిగతా యోధులందరూ నిజమైన మనుషులు. నటులను వీడియోలో చిత్రీకరించి, ఆ కదలికలను ఆటలోకి ఎక్కించారు; జానీ కేజ్, స్కార్పియన్, సబ్-జీరో ముగ్గురూ డేనియల్ పెసీనా అనే ఒకే నటుడి శరీరం. నాలుగు చేతుల గోరోను మాత్రం అలా చిత్రీకరించే వీలు లేదు. అందుకని కర్ట్ చియరప్పా అనే శిల్పి గోరోను చిన్న బొమ్మగా మలిస్తే, దాన్ని కొంచెం కొంచెంగా కదుపుతూ ఒక్కొక్క ఫ్రేముగా చిత్రీకరించి ఆటలో చేర్చారు. అంటే తెర మీద జానీ కేజ్‌ను ఎత్తి కుదేసిన ఆ రాక్షసుడు, కెమెరా ముందు నిజానికి ఆ నటుడి కంటే ఎంతో చిన్నవాడు. చూసినవాళ్లకు అతడు కొండంత కనిపించాడంటే, అది ఎదుటి మనిషితో పోల్చి నిర్ణయించిన కొలత వల్ల, భుజాల వెడల్పు వల్ల, ఆ నిలుచున్న తీరు వల్ల. గోరో యాక్షన్ ఫిగర్‌ను పరీక్షించే ఎవరికైనా ఈ చరిత్ర తెలిసి ఉండాలని నా అభిప్రాయం. మూలరూపమే కీళ్లున్న చిన్న బొమ్మ అయినప్పుడు, ఇవాళ అమ్ముతున్న బొమ్మ దానికంటే పెద్దదా చిన్నదా అన్నది అప్రస్తుతం. దానిలాగా ఎదుటివాడిని చిన్నబుచ్చగలదా లేదా అన్నదే చూడాలి.

ఇప్పుడు కొలతల దగ్గరకు వస్తాను. గోరో ఎత్తు 8 అడుగుల 2 అంగుళాలని అభిమానుల్లో స్థిరపడిన లెక్క. అంటే 98 అంగుళాలు. సేకరణ బొమ్మల్లో ఎక్కువగా వాడుకలో ఉన్న స్కేళ్లు, అంటే అసలు ఎత్తుతో బొమ్మ ఎత్తుకుండే నిష్పత్తులు, రెండు: ఆరడుగుల మనిషి ఆరు అంగుళాల బొమ్మ అయ్యే 1/12, అదే మనిషి పన్నెండు అంగుళాల బొమ్మ అయ్యే 1/6. మొదటి స్కేలులో గోరో ఎనిమిది అంగుళాలకు కాస్త పైన, అంటే సుమారు 21 సెంటీమీటర్లు ఉండాలి. రెండో స్కేలులో పదహారు అంగుళాలు దాటి, సుమారు 41 సెంటీమీటర్లు ఉండాలి. మీ సమీక్షకులు మెచ్చుకున్న బొమ్మ సరిగ్గా అడుగు ఎత్తు. దాన్ని 1/12 బొమ్మల మధ్య పెడితే పన్నెండడుగుల గోరో అవుతుంది. ఆటలో ఎక్కడా లేని, ఎవరూ ఎదుర్కోలేని ఆకారం. అదే బొమ్మను 1/6 బొమ్మల మధ్య పెడితే ఆరడుగుల గోరో అవుతుంది. జానీ కేజ్‌తో భుజం భుజం కలిపి నిలబడతాడు, పాత్ర అక్కడే చచ్చిపోతుంది. లెక్క వేస్తే ఈ బొమ్మ దాదాపు 1/8 స్కేలుకు సరిపోతుంది గానీ, ఆ స్కేలులో మోర్టల్ కాంబాట్ ప్రత్యర్థి ఒక్కడు కూడా నా సేకరణలో లేడు. పెట్టె మీద భారీ అని పెద్ద అక్షరాలతో వేశారు, స్కేలు మాత్రం ఎక్కడా వేయలేదు. సమీక్షలోనూ ఆ అంకె లేకపోవడం నాకు బాధ కలిగించింది, ఎందుకంటే కొనబోయేవాడికి ఎత్తు కంటే ముందు కావలసింది ఆ అంకే.

ఒంటరిగా అలమరలో పెట్టుకునేవాళ్లకు స్కేలుతో పనేమిటని అడగవచ్చు. విగ్రహం అయితే ఆ మాట చెల్లుతుంది. రాతిపొడి కలిపిన రెసిన్‌తో పోతపోసి పీఠం మీద నిలిపే శిల్పాలు ఒంటరిగానే చూడడానికి తయారైనవి. యాక్షన్ ఫిగర్ అలాంటిది కాదు. కీళ్లు పెట్టారంటేనే దాన్ని మరో బొమ్మకు ఎదురుగా ఏదో ఒక భంగిమలో నిలపాలని అర్థం. గోరో పోరాటంలో గుర్తుండిపోయే ఘట్టం ప్రత్యర్థిని ఒక జత చేతులతో పట్టి, రెండో జతతో బాదడం. ఆ ఘట్టాన్ని నిలపలేని గోరో బొమ్మ ఎంత పెద్దదైతే మాత్రం ఏమి లాభం? నా దగ్గరున్న బొమ్మతో ఈ పరీక్ష చేసి చూశాను. గోరో చేతికి బొటనవేలు కాక రెండే లావుపాటి వేళ్లుంటాయి. ఈ బొమ్మలో పిడికిలి బిగించిన చేతులు రెండు, వేళ్లు కొద్దిగా వంచి తెరిచిన చేతులు రెండు ఇచ్చారు. ఆ తెరిచిన చేతుల మధ్య ఖాళీ 1/12 బొమ్మ నడుముకు మరీ వదులు, 1/6 బొమ్మ భుజానికి మరీ ఇరుకు. వేళ్లు మెత్తని ప్లాస్టిక్ కాబట్టి బలవంతంగా లోపలికి జొప్పిస్తే పడుతుంది గానీ, చెయ్యి వదలగానే వేళ్లు విచ్చుకుని ఎదుటి బొమ్మ జారిపోతుంది. తయారీదారులు ఎవరిని పట్టుకోవడానికి ఆ చేతులను మలిచారో నాకు అర్థం కాలేదు.

నిలకడ గురించి కొంచెం విస్తారంగా రాయాలి, ఎందుకంటే పెద్ద బొమ్మలు ఓడిపోయేది ప్రధానంగా ఇక్కడే. ఏ వస్తువునైనా అదే ఆకారంలో రెండింతల ఎత్తుకు పెంచితే, గట్టి దిమ్మ అయిన పక్షంలో దాని బరువు ఎనిమిదింతలు అవుతుంది. ఆ బరువును మోసే చీలమండ అడ్డుకోత వైశాల్యం మాత్రం నాలుగింతలే అవుతుంది. జంతువుల ఎముకలను ఉదాహరణగా తీసుకుని గెలీలియో 1638లోనే ఈ సంగతి వివరించాడు. ఏనుగు కాళ్లు జింక కాళ్లను పెద్దవి చేసినట్లు ఉండకపోవడానికి కారణం అదే. చిన్న బొమ్మ కోసం గీసిన చీలమండను అలాగే పెంచి పెద్ద బొమ్మకు తగిలిస్తే అది కూలడం ఖాయం. మంచి తయారీదారులు దీనికి విరుగుడుగా మొండేన్ని డొల్లగా పోతపోసి, కాళ్లను బరువుగా ఉంచుతారు. మొండెం డొల్ల అయితే పైబరువు తగ్గుతుంది, గురుత్వ కేంద్రం కిందకు దిగుతుంది. దీన్ని తెలుసుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. బొమ్మను నడుము దగ్గర రెండు వేళ్ల మీద అడ్డంగా ఆనిస్తే ఏ వైపు వాలుతుందో చూస్తే చాలు. కాళ్ల వైపు వాలితే రూపకర్త ఆలోచించి చేశాడని నమ్మవచ్చు. నా గోరో తల వైపు వాలుతుంది. నాలుగు చేతులూ గట్టి దిమ్మలుగా పోతపోయడం, తొడలు పలచగా ఉండడం రెండూ కలిసి తెచ్చిన ఇబ్బంది ఇది.

నాలుగు చేతులను ముందుకు చాస్తే ఈ దోషం స్పష్టంగా బయటపడుతుంది. చదునైన బల్ల మీద, పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, చేతులన్నీ శరీరానికి దగ్గరగా ఉంచితే బొమ్మ నిలుస్తుంది. పై జత చేతులను ముందుకు లేపితే కాలి మడమలు బల్ల మీద నుంచి వెంట్రుకవాసి లేస్తాయి. కింది జతను కూడా చాస్తే, మొదట ఏమీ జరగనట్లే ఉంటుంది. ఆ తర్వాత కుడి చీలమండ ఎవరో మెల్లగా నొక్కినట్లు ముందుకు వంగడం మొదలవుతుంది. సమీక్షకులు ఫొటో తీసే నాలుగు క్షణాలు బొమ్మ నిలబడి ఉంటుంది కాబట్టి ఇది వారి కంటపడదు. అందుకే భారీ బొమ్మను అంచనా వేసేటప్పుడు దాన్ని ఒక భంగిమలో పెట్టి రాత్రంతా వదిలేయాలని, తెల్లవారాక ఏ కీలు ఎంత జారిందో చూసి రాయాలని నా సూచన. అరల్లో ఇతర బొమ్మల పక్కన ఉండే వస్తువు కాబట్టి, అది పడితే తాను విరగడమే కాకుండా పక్కనున్న నాలుగింటిని విరగ్గొడుతుంది.

కీళ్లలో ప్రధానంగా రెండు రకాలుంటాయి. రాపిడి మీద ఆధారపడి ఏ కోణంలోనైనా ఆగేవి ఒక రకం. లోపల పళ్లచక్రం ఉండి, తిప్పినప్పుడు టక్కుమని శబ్దం చేస్తూ ఒక్కో మెట్టు దగ్గర ఆగేవి రెండో రకం. వీటినే సేకర్తలు రాచెట్ కీళ్లు అంటారు. చిన్న బొమ్మకు రాపిడి కీలు చాలు. బరువైన బొమ్మకు తుంటి దగ్గర, భుజాల దగ్గర రాచెట్ ఉండి తీరాలి. నా గోరోకు తుంటిలో రాచెట్లు పెట్టారు, ఆ వరకు మెచ్చుకోవాలి. కానీ మెట్టుకూ మెట్టుకూ మధ్య దూరం మరీ ఎక్కువ. ఒక మెట్టులో కాలు వెనక్కి పోతుంది, తర్వాతి మెట్టులో ముందుకు వస్తుంది. బొమ్మ సరిగా నిలిచే కోణం ఆ రెంటి మధ్యలో ఎక్కడో ఉండిపోతుంది. ఆ లోటును సరిచేయవలసింది చీలమండ. అక్కడేమో మామూలు రాపిడి కీలు పెట్టారు. బలమైన కీలును పైన, బలహీనమైన కీలును కింద పెట్టి బరువంతా దాని మీద వేయడం ఈ బొమ్మలోని అతి పెద్ద లోపమని నేను భావిస్తున్నాను. పక్కలకు వాలే కదలిక చీలమండకు ఇచ్చి ఉంటే, కాళ్లు ఎడంగా పెట్టినప్పుడు పాదం అడుగంతా బల్లకు ఆనేది. ఇప్పుడు లోపలి అంచు మాత్రమే ఆనుతోంది.

నాలుగు చేతుల అమరిక మాత్రం నిజంగా గొప్పగా ఉంది. ఒక జత చేతులున్న బొమ్మకు భుజాలు, మోచేతులు, మణికట్లు కలిపి ఆరు కీళ్లు అయితే, గోరోకు పన్నెండు. అన్నింటికంటే కష్టమైన ప్రశ్న రెండో జత భుజాలను ఎక్కడ అతికించాలన్నది. పక్కటెముకల మీద నేరుగా గుచ్చితే చేతులు తగిలించినట్లు ఉంటాయి. మరీ లోపలికి పెడితే పై చేతులు కిందకు దించినప్పుడు ఒకదానికొకటి అడ్డం పడతాయి. ఇక్కడ రూపకర్త కింది భుజాల కోసం వేరే ఛాతీ కండరాలను మలిచి, పై ఛాతీ కిందకు దాన్ని కొద్దిగా దూర్చాడు. కింది చేతిని ముందుకు తెస్తే ఆ కండరం కూడా దానితోపాటు ముందుకు జరుగుతుంది. వెనక నుంచి చూస్తే కింది భుజపుటెముకల జాడ కూడా కనిపిస్తుంది. ఇలాంటి శరీరం నిజంగా ఉంటే ఎముకలు ఎలా కుదురుకునేవో ఆలోచించి చేసిన పని అది. సమీక్షలో ఈ విషయానికి ఒక్క వాక్యమైనా దక్కి ఉండవలసింది. నడుము వంచే కీలును దీని కోసం వదులుకోవలసి వచ్చింది, అయినా నాకు ఫిర్యాదు లేదు. గోరో వంగి నిలబడే పాత్ర కాదు.

ముఖం గురించి రాసేటప్పుడు ఏ గోరో అన్నది ముందు చెప్పాలి. 1992 నాటి గోరోకు కంచు రంగు చర్మం, నెత్తి మీద నల్లని పిలక, ఎర్రని కళ్లు. కదిలే బొమ్మను చిత్రీకరించడం వల్ల వచ్చిన ఒక విధమైన బిగుతు ఆ ముఖంలో ఉంటుంది. 2011 నాటి ఆటలోనూ, 2015లో వచ్చిన మోర్టల్ కాంబాట్ ఎక్స్‌లోనూ అతని చర్మం, కండరాలు, ముఖకవళికలు మారుతూ వచ్చాయి. ఈ బొమ్మకు మొదటి ఆట తల, తర్వాతి ఆటల శరీరం పెట్టినట్లు నాకు తోచింది. మొండెం మీద నరాలు, ముడతలు సన్నగా చెక్కారు. ముఖం మాత్రం నున్నగా, పాత పద్ధతిలో ఉంది. రెండూ విడివిడిగా బాగున్నాయి, కలిసి బాగాలేవు. పెద్ద బొమ్మల్లో ఇలాంటి తేడా కంటపడక తప్పదు, ఎందుకంటే చిన్న బొమ్మ మీద కంటికి ఆనని ఖాళీ చోటు పెద్ద బొమ్మ మీద అరచేతంత బోడి ప్లాస్టిక్‌గా కనిపిస్తుంది. ఎత్తు పెంచినప్పుడు చెక్కుడు పనిని కూడా అదే పాళ్లలో పెంచాలి. కండ పెరిగినచోట నరం, నరం పక్కన ముడత, ముడతలో నీడ రావాలి. తొడల వెనుక భాగం చూస్తే ఆ శ్రద్ధ అక్కడి దాకా రాలేదని తెలుస్తుంది.

రంగుల సంగతి కూడా ఇంచుమించు అంతే. ముందు నుంచి చూస్తే ముదురు రంగును పల్చగా పూసి, లోతుల్లో నిలిచేలా తుడిచిన తీరు బాగుంది. కంచు రంగుకు జీవం వచ్చింది. కింది చెయ్యిని పైకి లేపి చంక భాగం చూడండి. అక్కడ కీలు ముక్క లేత గోధుమరంగులో, శరీరంతో సంబంధం లేనట్లు ఉంటుంది. కీళ్లకు ఎక్కువగా వాడే పీవోఎం అనే ప్లాస్టిక్ జారుడుగా, అరుగుదలను తట్టుకునేలా ఉంటుంది కాబట్టి ఆ పనికి తగినదే, కానీ దాని మీద పెయింట్ సరిగా పట్టదు. అందువల్ల ఆ ముక్కను పోతపోసేటప్పుడే రంగు కలపాలి, ఆ రంగు పైన వేసే పెయింట్‌తో కలవాలి. ఎనిమిది అంగుళాల బొమ్మలో గోరంత కనిపించే ఈ తేడా అడుగు బొమ్మలో అతుకు వేసినట్లు కనిపిస్తుంది. మోచేతి కీళ్లలో కదిపినప్పుడల్లా పెయింట్ రాసుకుని పోవడం కూడా గమనించాను. పెట్టె తెరిచిన రోజే ఒక మోచేయి దగ్గర చిన్న గీత పడింది.

ప్లాస్టిక్ మన్నిక గురించి పత్రికల్లో ఎవరూ రాయరు, అందుకే ఇక్కడ కొంచెం రాస్తాను. యాక్షన్ ఫిగర్లలో గట్టి భాగాలకు ఏబీఎస్, చర్మం, వేళ్లు, బట్టల వంటి మెత్తని భాగాలకు పీవీసీ వాడతారు. పీవీసీ స్వతహాగా గట్టిది. దాన్ని మెత్తబరచడానికి కొన్ని నూనెల వంటి రసాయనాలు కలుపుతారు. కాలం గడిచేకొద్దీ, ముఖ్యంగా వేడిలో, గాలి ఆడని పెట్టెల్లో, ఆ రసాయనాలు మెల్లగా ఉపరితలానికి వచ్చి బొమ్మ జిగటగా తయారవుతుంది. గోరువెచ్చని నీటిలో కాస్త సబ్బు కలిపి కడిగితే జిగట పోతుంది గానీ, లోపలి మెత్తదనం కొంత తగ్గినట్లే. ఏబీఎస్ మీద ఎండ పడితే పసుపు తిరుగుతుంది, పెళుసెక్కుతుంది. వీటికి తోడు బరువైన బొమ్మలకు మరో చిక్కుంది. మెత్తని పీవీసీతో చేసిన కాలు ఎడతెగని బరువు కింద, అందునా వేడి వాతావరణంలో, కొద్దికొద్దిగా వంగిపోతుంది. చిన్న బొమ్మ కాలు అలా వంగితే వేడినీటిలో ముంచి, నిటారుగా సరిచేసి, వెంటనే చన్నీటిలో పెడితే ఆ రూపంలోనే నిలుస్తుంది. అడుగు ఎత్తు బొమ్మ తొడకు వేడి లోపలి దాకా చేరడం కష్టం. బయటి పొర మెత్తబడి, లోపలి భాగం అలాగే ఉండిపోవచ్చు. కాబట్టి కాళ్లు ఏ ప్లాస్టిక్‌తో చేశారన్నది భారీ బొమ్మ విషయంలో తప్పక తెలుసుకోవలసిన సంగతి. తొడను బొటనవేలితో నొక్కితే లోపలికి పోతుందో లేదో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. నా బొమ్మ పిక్కలు గట్టిగా ఉన్నాయి, తొడలు మెత్తగా ఉన్నాయి.

ఇతర ప్రతినాయకుల బొమ్మలకు ఈ కొలమానాలనే యథాతథంగా వాడవచ్చని నేను అనడం లేదు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ ఆటలోని తాబేలు రాక్షసుడు బౌజర్ ఎత్తు ఆటను బట్టి మారుతూ ఉంటుంది, కాబట్టి అక్కడ అంకెల స్కేలు పనికిరాదు. మారియో పక్కన పెట్టినప్పుడు కనిపించే తేడానే చూడాలి. బౌజర్‌కు వీపు మీద చిప్ప బరువు వెనక్కి లాగుతుంది, అయితే తోక మూడో కాలులాగా నేలకు ఆనుతుంది కాబట్టి నిలకడ సులువు. సైలెంట్ హిల్ 2లో 2001లో కనిపించిన పిరమిడ్ హెడ్‌కు, ఫైనల్ ఫాంటసీ 7లో 1997లో వచ్చిన సెఫిరోత్‌కు చిక్కంతా ఆయుధాల దగ్గర. మొదటివాడి భారీ కత్తి బరువుకు మణికట్టు కీలు వంగిపోతుంది, రెండోవాడి పొడవాటి ఖడ్గాన్ని మెత్తని ప్లాస్టిక్‌తో చేస్తే విల్లులా వంకర తిరుగుతుంది. మసాహిరో ఇటో రూపొందించిన పిరమిడ్ హెడ్ ఆ కత్తిని నేల మీద ఈడ్చుకుంటూ నడుస్తాడు కాబట్టి, బొమ్మకూ కత్తి మొన నేలకు ఆనే భంగిమే న్యాయం. పాత్ర తెలిసినవాడే బొమ్మ లోపాన్ని, పాత్ర స్వభావాన్ని విడదీసి చెప్పగలడు.

పెట్టె, స్టాండు, నకిలీల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఇంత బరువున్న బొమ్మకు స్టాండు ఇవ్వకపోవడం లోపమే. నకిలీలు కూడా తిరుగుతున్నాయి కాబట్టి అరికాలి మీదనో వీపు మీదనో ఉండవలసిన హక్కుల ముద్ర ఉందా, అచ్చు కలిసిన గీతలు ముఖం మీదుగా పోతున్నాయా, పెట్టె తెరవగానే ఘాటైన వాసన వస్తోందా అన్నవి చూసుకోవాలి. పెట్టె తెరవకుండా దాచుకునేవాళ్ల అభిరుచిని నేను తక్కువ చేయను, కానీ తెరవని బొమ్మ మీద రాసిన అభిప్రాయాన్ని సమీక్షగా ప్రచురించవద్దని మాత్రం మనవి.

ఒక విషయంలో మీ సమీక్షతో గట్టిగా విభేదిస్తున్నాను. పిల్లలకు బహుమతిగా ఇవ్వదగినదని అందులో రాశారు. మోర్టల్ కాంబాట్‌లోని హింస మీద 1993లో అమెరికా సెనేట్‌లో విచారణలు జరిగాయి. ఆటలకు వయసు ముద్ర వేసే ఈఎస్ఆర్‌బీ సంస్థ 1994లో ఏర్పడడానికి ఆ చర్చ ఒక ముఖ్య కారణం. ఈ బొమ్మ పెట్టె మీద కూడా పెద్దవాళ్ల సేకరణ కోసమే అని చిన్న అక్షరాల్లో ఉంది. పాత్ర సంగతి అలా ఉంచినా, ఊడివచ్చే చేతులు, మొనదేలిన పిలక, తల వైపు వాలే బరువు ఉన్న వస్తువు చిన్నపిల్లల చేతికి తగినది కాదు. మీ పత్రికను నమ్మి కొనే తల్లిదండ్రులు ఉంటారు కాబట్టి, వచ్చే అనుబంధంలో ఈ ఒక్క మాటనైనా సవరించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇన్ని లోపాలు ఎత్తిచూపినా ఈ గోరోను నేను ఎవరికీ ఇచ్చేయను. ఆ రెండో జత భుజాలను మలిచిన శిల్పి పనితనం ముందు చీలమండ బలహీనతను పారదర్శకమైన ఆధారపు కడ్డీతో సర్దుకోవచ్చు. స్కేలు పొసగకపోవడాన్ని మాత్రం సర్దుకోలేను, అందుకే దాన్ని ప్రత్యర్థి లేకుండా విడిగా ఒక అరలో, ఎండ తగలని చోట, పాదాలు ఎడంగా, నాలుగు చేతులూ దగ్గరగా ఉంచి నిలిపాను. మొదటి ఆటను ఇష్టపడేవాళ్లు, కీళ్ల కంటే శిల్పాన్ని ఎక్కువగా చూసేవాళ్లు దీన్ని కొనవచ్చు. యోధులందరినీ ఒకచోట చేర్చి పోరాట దృశ్యాలు అమర్చుకునేవాళ్లు ఎనిమిది అంగుళాల 1/12 గోరో దొరికేదాకా ఆగడం మేలు. మీ సమీక్షకుల దగ్గర ఈ బొమ్మ ఇంకా ఉన్నట్లయితే, ఒక ఎండాకాలం గడిచాక దాని తొడలను, చీలమండలను, మోచేతుల దగ్గర పెయింట్‌ను మరోసారి చూసి, అప్పటి స్థితిని కూడా పాఠకులకు తెలియజేయవలసిందిగా మనవి చేస్తున్నాను.

భవదీయుడు,
మీ పాఠకుడు